గీత మీద పడిన ముగ్గుపిండి

ఈ బరువు ఇన్నేళ్లు మోసి ఇప్పుడెందుకు దించుతున్నావని మీరు అడగవచ్చు. ముందే ఎందుకు రాయలేదంటే, నాకు అక్షరాలు రావు. ఇది సగం నిజం. అక్షరాలు వచ్చి కూడా చాలా కాలమైంది. వచ్చాక కూడా రాయలేదు. నేను దొంగిలించింది ఆ అక్షరాలనే. దొంగసొమ్ము చేత్తో పట్టుకొని దొంగతనం గురించి రాయాలంటే చెయ్యి ఆడలేదు.

నా పేరు చెప్పను. ఆదోనికీ ఎమ్మిగనూరుకీ మధ్యలో ఒక ఊరు మాది. నా మనవరాలి పేరు కూడా చెప్పను. పాప అంటాను, ఇంట్లో అట్లాగే పిలుస్తాం. నా కొడుకు కూతురు. ఇప్పుడు ఆదోనిలో పత్తి మిల్లులో పని చేస్తుంది. అప్పుడు మా ఊరి బడిలో ఎనిమిదో తరగతి.

మావి వాన పడితేనే పండే చేలు. పత్తి, బుడ్డలు అంటే వేరుశనగ. పంట ఇంటికొచ్చాక ఊళ్లో పని ఉండదు. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి ఇళ్లకు ఇళ్లు తాళాలు వేసుకొని వెళ్లిపోతాయి. దాన్ని మేము సుగ్గి అంటాం. పొలం గట్టున పట్టలతో గుడిసె వేసుకొని, కోతలయ్యే దాకా అక్కడే ఉంటాం. మొగుడూ పెళ్లాం కోతకు దిగితే చంటిపిల్లను చూసుకోవడానికి, గుడిసె దగ్గర వంట చేయడానికి ఒక మనిషి కావాలి. మా ఇంట్లో ఆ మనిషిని నేను. ఎప్పుడూ నేనే.

ఆ ఏడు మా కోడలికి చంటిపిల్లాడు. అదే ఏడు మా ఊళ్లో ఆడవాళ్లకు సాయంత్రం బడి పెట్టారు. మా వీధి పిల్లే చదువు చెప్పేది. పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని పలక తీసుకొని పోయేవాళ్లం. నేను ఎందుకు పోయానో చెప్తాను. పొదుపు సంఘం పని మీద బ్యాంకుకు పోయినప్పుడల్లా ఎవరో ఒక మగాయన నా బొటనవేలు పట్టుకొని సిరాలో ముంచి కాగితం మీద నొక్కేవాడు. ఆ వేలు నాది కానట్టు, తన సంచిలోంచి తీసిన ముద్ర అయినట్టు పట్టుకునేవాడు. నా మొగుడు కూడా నన్ను అట్లా పట్టుకోలేదు. ఆ వేలు విడిపించుకోవాలని పోయాను.

ఇంట్లో నాకు అక్షరాలు దిద్దించింది పాప. నా చెయ్యి మీద దాని చెయ్యి వేసి దిద్దించేది. 'ఖ' దగ్గర నాకు చెయ్యి వంకర పోయేది. నవ్వేది కాదు. అది మళ్లీ రాసేది, నేను మళ్లీ దిద్దేదాన్ని.

నా పేరులో సగం రాయడం వచ్చింది. ఇంతలో సుగ్గి రోజులు దగ్గర పడ్డాయి. ఊరు ఖాళీ అయితే సాయంత్రం బడికి ఎవరు వస్తారు, మిగిలినవాళ్లతో ఈ నాలుగు నెలలు నడిపి తీసేస్తామని టీచరు పిల్ల చెప్పింది. నేను ఇంట్లో మోకాళ్ల నొప్పులు అన్నాను. నొప్పులు ఉన్నాయి, అబద్ధం కాదు. అవి ప్రతి ఏడూ ఉన్నాయి. ఆ ఏడే గుర్తొచ్చాయి. నా కొడుకు సరే, పాపను తీసుకుపోతాం అన్నాడు. అంత సులభంగా అన్నాడు.

సుగ్గికి పోయినవాళ్ల పిల్లలు ఉండడానికి బడిలోనే ఒక హాస్టల్ పెడతారు. పాప అందులో ఉంటానని అడిగింది. అది ఉంటే నేను పోవాలి. నేను ఉంటే అది పోవాలి. ఇద్దరిలో ఒకరికే చదువు. ఇంతే లెక్క. దీన్ని ఎవరు కట్టారో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిస్తే వాళ్ల ఇంటి ముందుకు పోయి మన్ను ఎత్తి పోసేదాన్ని.

ఆ రోజుల్లోనే యూనివర్సిటీ నుంచి కొందరు పిల్లలు మా బడికి వచ్చారు. వారం పాటు ఉండి, బడిపిల్లలకు చేత్తో రోబోలు చేయడం నేర్పించారు. రోబో అంటే మనిషి ఆకారం అనుకొని ఊరంతా చూడడానికి పోయింది. చూస్తే తీగలు, మోటర్లు, చిన్న చిన్న చక్రాలు. ఒకడు చప్పట్లు కొడితే వెలిగే దీపం చేశాడు. మా పాప ఒక బండి చేసింది. అరచేతికన్నా కొంచెం పెద్దది. నల్లగీత గీస్తే దాని వెంటే పోతుంది. వచ్చినవాళ్లలో హారిక అని ఒక ఆడపిల్ల ఉండేది. పాపకు కాలే కడ్డీతో తీగలు అతకడం, మోటరు బిగించడం ఆ పిల్లే నేర్పింది. వేలు కాల్చుకున్నా పాప ఇంట్లో చెప్పలేదు. నేను కనిపెట్టి అడిగితే, "చెప్తే నాయన మళ్లీ పంపడు అవ్వా" అంది.

రోటి దగ్గర కూర్చుని దాని బండి సంగతులు నాకు చెప్పేది. నేను వినేదాన్ని. ఇక్కడ మీరు బాగా వినండి. నేను అడిగాను.

"అది గీతను ఎట్ల సూస్తాదే?"

"దానికి కండ్లు కింద ఉంటాయి అవ్వా. నల్లదా తెల్లదా, అంతే తెలుస్తాది. కండ్ల నడిమధ్య నల్లగీత ఉండేట్ల పోతాది."

"గీత కనపడకపోతే?"

"నేరుగ పోతాది. ఆడ మలుపు ఉందని దానికేం తెల్సు?"

ఎందుకు అడిగాను? ఊరికే అడిగానా? ఈ ప్రశ్న వెయ్యిసార్లు వేసుకున్నాను. అడిగినప్పుడు ఊరికే అడిగానని ఒకప్పుడు నాకు నేనే చెప్పుకునేదాన్ని. ఇప్పుడు చెప్పుకోను.

ఆఖరి రోజు అందరి ముందు ప్రదర్శన. అంతకు ముందు రోజు హారిక మా ఇంటికి వచ్చింది. పాపను హాస్టల్లో ఉంచమని నా కొడుకును బతిమాలింది. వాడు బీడీ ఆర్పి, నవ్వాడు.

"ఆ బండి మిరపకాయలు కోస్తాదేమ్మా? కోస్తే సెప్పు, పాపను ఈడ్నే పెట్టి దాన్ని తోల్కపోతా."

"కోయదన్నా. పాప ఇంకా చదివితే, కోసేది కూడా చేస్తుందేమో" అంది ఆ పిల్ల. జంకలేదు.

వాడికి ఆ మాట నచ్చింది. వాడు చెడ్డవాడు కాదు. "సరే. రేపు నేనొచ్చి సూస్తా. ఆ బండి ఈ కొస నుంచి ఆ కొసకు ఎవురూ ముట్టుకోకుండా పోయిందంటే పాప ఈడ్నే ఉంటాది. అమ్మ మాతో వస్తాది. ల్యాకుంటే ల్యా" అన్నాడు.

అమ్మ మాతో వస్తాది. నేను అక్కడే ఉన్నాను. సుగ్గికి సామాన్లు సర్దిన గంప పక్కనే. నా వైపు చూడలేదు. గంపను ఎక్కించేటప్పుడు గంపను అడుగుతామా? పాప మొహం వెలిగిపోయింది. అది కూడా నా వైపు చూడలేదు. దాని మీద నాకు కోపం వచ్చింది. చిన్నపిల్ల మీద. నా చెయ్యి పట్టుకొని దిద్దించిన పిల్ల మీద.

నోరు తెరిచి చెప్పవచ్చు కదా, నాకూ అక్షరాలు కావాలి, నేను రాను అని. చెప్పలేకపోయాను. తల నెరిసిన దానికి పలక కావాల్సి వచ్చిందా అని నవ్వుతారు. పిల్లదాని నోటికాడిది లాక్కుంటావా అంటారు. అందరి ముందు అడిగి ఓడిపోవడం సిగ్గనిపించింది. ఎవరికీ తెలియకుండా గెలవడం సిగ్గనిపించలేదు. నా తప్పంతా ఇందులో ఉంది. మిగిలిందంతా చేతిపని.

పెద్దలు వస్తున్నారంటే మా ఊళ్లో బడిని ఆడవాళ్లే ఊడ్చి, నీళ్లు చల్లి ముగ్గులు వేస్తారు. పొద్దున్నే పదిమంది పోయాం. వరండా నేను వేస్తానన్నాను. నా ముగ్గు బాగుంటుందని పేరు, ఎవరూ అడ్డు చెప్పలేదు. వరండా అంతా లేత పసుపు బండలు. వాటి మీద ఆ పిల్లలు ముందే నల్లటేపు అంటించి పెట్టారు. తరగతి గది గుమ్మం నుంచి నేరుగా వచ్చి, వరండా అంచు దగ్గర ఎడమకు తిరిగి ఆ కొస దాకా పోతుంది.

గీతకు అటూ ఇటూ తీగముగ్గు వేశాను. చూడడానికి ఆ నల్లగీత తీగకు కాడలాగా ఉంది. మలుపు దగ్గర పెద్ద పువ్వు వేశాను. పువ్వు వేసేటప్పుడు వేళ్లు కొంచెం వదులు చేశాను. పిండి గీత మీదికి జారింది. ఇంకొంచెం వదిలాను. అంతే. ఎవరైనా చూసినా, ముసలి చెయ్యి వణికిందనుకుంటారు. నా చెయ్యి వణకలేదు.

పాప వచ్చింది. తలకు నూనె రాసుకొని, రెండు జడలు వేసుకొని, బండిని గుండెలకు ఆనించుకొని వచ్చింది. మలుపు దగ్గర వంగి చూసింది.

"అవ్వా, గీత మీద పిండి పడింది సూడు. తుడుస్తా."

"పెద్దోళ్లు గేటు కాడికి వచ్చినారు. వాళ్లకెదురుగా ముగ్గు తుడుపుతావా? సావింట్లో తుడుపుతారే ముగ్గు."

"గీత కాడ మాత్రమే. ఇంతే ఇంత."

"పువ్వు నడిమధ్యలో ఇంత తుడిపితే ఇంగేముంటాది? ఎవురన్నా సూస్తే మన ఇంటోళ్లనే అంటారు. అంత పిండికే కండ్లు పోతాయా మీ బండికి?"

"పోతాయి అవ్వా" అంది. మెల్లగా అంది, నాకు నేర్పుతున్నట్టు.

"ఏం పోవు. పొయ్యి నిలబడు."

చున్నీ కొస అప్పటికే చేతిలోకి తీసుకుంది. వదిలేసింది. పెద్దల మాట వినే పిల్ల. దాన్ని అట్లా పెంచింది నేనే. హారిక గేటు దగ్గర అతిథుల వెనకాల ఉంది. హెడ్‌మాస్టరు ముగ్గు చూసి బాగుందని, తొక్కవద్దని పిల్లలను పక్కకు జరిపాడు. ఫోటోలు తీశారు. నా పువ్వును కూడా తీశారు.

బండి గుమ్మం నుంచి బయల్దేరింది. ఎంత బాగా వచ్చిందో నేను చెప్పాలి, చెప్పకపోతే అది ఇంకో తప్పు. చిన్నగా గుర్రుమంటూ, అటూ ఇటూ ఊగుతూ, గీతను వాసన పట్టినట్టు వచ్చింది. నా కొడుకు ముందుకు వంగాడు. వాడి మొహంలో ఆ గర్వం నేను చూశాను. మలుపు దగ్గరికి వచ్చింది. ఆగలేదు, తిరగలేదు. పువ్వును తొక్కుకుంటూ నేరుగా పోయి వరండా మీద నుంచి కింద పడింది. చక్రం ఊడి దూరంగా దొర్లింది.

తర్వాత నా కొడుకు, "అది కూడా సుగ్గికే బయల్దేరింది లేప్పా" అన్నాడు. అందరూ నవ్వారు. వాడు నవ్వు వచ్చి అనలేదు, ఆశ పోయి అన్నాడని నాకు తెలుసు. కన్నదాన్ని కదా. అయినా నేను కూడా నవ్వాను.

హారిక పరుగెత్తుకొచ్చింది. ఇంకోసారి చూడండన్నా, చక్రం పెడతాను అంది. అప్పటికే ఒక పెద్దాయన మైకు అందుకున్నాడు. నా కొడుకు, "మాట మాటేమ్మా" అని లేచాడు. పాప ముక్కలు ఏరుకుంటూ ఆ పిల్లతో, "నాదే తప్పక్కా. గీత తుడుసుకోవాల్సింది, తుడుసుకోలే" అంది. అప్పుడు ఒకసారి నా వైపు చూసింది. నా పేరు చెప్పలేదు.

ఆ సాయంత్రం నేను ఒక మూల కూర్చుంటే, అదే వచ్చి నా పక్కన కూర్చుంది. "నువ్వేం జేస్తావులే అవ్వా. నీకేం తెల్సు" అంది. ఓదార్పు. నాకు. నన్ను కొట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్నేమో.

నీకేం తెల్సు. చదువు రాని మనిషికి ఈ ఊళ్లో అంతకన్నా మంచి దాపు లేదు. ఏం చేసినా తెలియక చేసింది అంటారు. నా బతుకంతా ఆ మాట విని రగిలిపోయాను. ఆ రోజు ఆ మాట కిందే దూరి దాక్కున్నాను.

సుగ్గికి మనుషులను తీసుకుపోయే ఐచర్ లారీ వచ్చింది. పాప చంటిపిల్లాణ్ణి చంకన వేసుకొని ఎక్కింది. నేను ఊళ్లో ఉండి అక్షరాలు నేర్చుకున్నాను. ఎంత బాగా నేర్చుకున్నానంటే, ఆ నాలుగు నెలలు పూర్తయ్యేసరికి గోడల మీద రాతలు చదివేదాన్ని. నా పేరు పూర్తిగా రాసేదాన్ని. మనసు పెట్టలేక నేర్చుకోలేదు అని రాస్తే మీకు నా మీద కొంచెం జాలి కలిగేది. ఆ అబద్ధం కూడా ఎందుకు? సంతోషంగా నేర్చుకున్నాను.

పాప తిరిగి వచ్చేసరికి పరీక్షలు అయిపోయాయి. తొమ్మిదికి పంపారు. మరుసటి ఏడు మళ్లీ సుగ్గి. ఈసారి కాయ కూడా కోసింది, చెయ్యి వేగం అన్నారు. ఆ తర్వాత బడి మాట ఎవరూ ఎత్తలేదు. అదీ ఎత్తలేదు. నేను నోరు తెరిచి ఎత్తి ఉండవచ్చు. తెరవలేదు. నేను చేసిన తప్పు ఒక్క పొద్దుటిదని మీరు అనుకోవద్దు. ప్రతి సుగ్గికీ అది లారీ ఎక్కేటప్పుడు మళ్లీ చేశాను.

నాకు కోపం. బొటనవేలికి విలువ ఇచ్చి మనిషికి ఇవ్వనివాళ్ల మీద కోపం. ఇంతా నేర్చుకుంటే ఈ రోజుకీ రేషన్ మెషిను దగ్గర వేలే పెట్టమంటారు, దాని మీద కోపం. వారం రోజులు ఉండి, పిల్లల కళ్లలో అంత వెలుగు పెట్టి, ఫోటోలతో వెళ్లిపోయి మళ్లీ రాని యూనివర్సిటీ మీద కోపం. హారిక మీద మాత్రం రాదు, తెచ్చుకుందామన్నా రాదు. పిల్లదాని ఏడాదిని ఒక బండి పరుగు మీద పందెం కట్టిన నా కొడుకు మీద కోపం. ఇవన్నీ నిజమైన కోపాలే. కానీ వీటిలో ఏ ఒక్కరూ ఆ పొద్దున నా వేళ్లు వదులు చేయలేదు. పేదరికం చేయించింది అని ఎవరైనా అంటే వాళ్ల నోరు మూయిస్తాను. పేదరికం నన్ను రెండు దారుల ముందు నిలబెట్టింది. ముగ్గుపిండి పట్టుకున్నది నేను.

ఈ ఏడు మళ్లీ ఎక్కడి నుంచో కొత్త పిల్లలు తీగలు, చక్రాలు తీసుకొని మా బడికి వచ్చారు. ఆఖరి రోజు హెడ్‌మాస్టరు నన్ను ముందుకు పిలిచి, ఈ వయసులో ఈ అవ్వ చదువు నేర్చుకుంది, చూసి నేర్చుకోండి అని పిల్లలకు చూపించాడు. శాలువా కప్పారు. బోర్డు మీద నా పేరు రాయమన్నారు. రాశాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజు మిల్లుకు సెలవు. పాప ప్రహరీ గోడ దగ్గర నిలబడి, అందరికన్నా ఎక్కువసేపు కొట్టింది. దాని మొహంలో మచ్చుకైనా కోపం లేదు. అవ్వ పేరు రాసిందని సంతోషం, అంతే.

ఇంటికొచ్చి శాలువా మూలకు విసిరికొట్టాను. రాయడం మొదలుపెట్టాను. మధ్యాహ్నాలు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు రాశాను. కొన్ని మాటలకు ఒత్తులు తప్పి ఉంటాయి. దిద్దించమని అడగడానికి మనిషి లేదు. ఆ మనిషినే కదా నేను మోసం చేసింది.

మీరు నన్ను క్షమించాల్సిన పని లేదు. మీ దగ్గర నాకు ఆ బాకీ లేదు. ఎవరో ఒకరు చదువుతున్నారు, చదివేటప్పుడు మధ్యలో అడ్డం పడి, నీకేం తెల్సులే అనరు, అంత చాలు అనుకున్నాను. చాలలేదు. రాసి ముగించాక, మీకు చెప్పి దానికి చెప్పకపోవడం కూడా దాక్కోవడమే అనిపించింది.

ఆ మరుసటి పొద్దున పాప మిల్లుకు తయారవుతోంది. దూది పొట్టు ముక్కులోకి పోకుండా మొహానికి గుడ్డ చుట్టుకుంటోంది. నేను ఎదురుగా పోయి నిలబడ్డాను. ఎన్నో అనుకున్నాను. ఒకటే వచ్చింది.

"బండి పడిపోయిన పొద్దు, గీత మీద పిండి నేనే ఏసినా. తెలిసే ఏసినా. నువ్వు పోతే నేను ఉండొచ్చని ఏసినా."

గుడ్డ చుట్టే చేతులు ఆగాయి. కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. నన్ను చూసింది. బయట ఆటోవాడు హారన్ కొట్టాడు. ముడి బిగించుకొని, టిఫిన్ డబ్బా తీసుకొని, నా పక్క నుంచి బయటికి నడిచింది. రోజూ పోయొస్తా అవ్వా అంటుంది. ఆ రోజు అనలేదు. నేను పిలవలేదు.

ఆటో చప్పుడు వినపడనంత దూరం పోయాక నాకు ఆకలి వేసింది. సిగ్గు లేకుండా, చిన్నపిల్లకు వేసినంత ఆకలి. పొయ్యి వెలిగించి, జొన్నరొట్టె కొట్టుకొని, కారం పెట్టుకొని, అక్కడే కూర్చుని తిన్నాను.